సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోవడం కాదు: చార్జి మెమో అందిన ప్రభుత్వ ఉద్యోగులు తెలుసుకోవలసినవి

అడ్మిషన్ల సమయంలో ఒక తండ్రి దరఖాస్తులో 'వృత్తి' అన్న గడి ఖాళీగా వదిలేశారు. అడిగితే "గవర్నమెంటు ఉద్యోగం ఉండేది సార్, పోయింది" అన్నారు. కాగితాలు తెప్పించి చూశాను. ఉద్యోగం పోలేదు, సస్పెన్షన్‌లో ఉన్నారు. చార్జి మెమో కన్నడంలో వచ్చింది. ఆఫీసు కన్నడం సరిగా అర్థం కాక, సంతకం చేసి తీసుకుని బీరువాలో పెట్టేశారు. జవాబు ఇవ్వలేదు. మన తల్లిదండ్రుల్లో, పూర్వ విద్యార్థుల్లో ప్రభుత్వ ఉద్యోగులు ఉన్నారు కనుక ఈ వివరాలు ఇస్తున్నాను.

రాజ్యాంగ రక్షణ

311వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగిని, నియమించిన అధికారి కంటే కింది అధికారి తొలగించకూడదు. ఆరోపణలు తెలియజేసి, విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు. మినహాయింపులు మూడే: క్రిమినల్ కేసులో శిక్ష పడటం, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాకపోవడం, దేశ భద్రత. కార్పొరేషన్, కంపెనీ ఉద్యోగులకూ ఎయిడెడ్ బడుల టీచర్లకూ ఈ అధికరణం నేరుగా వర్తించదు. వాళ్లకు వేరే చట్టాలు, సర్వీసు రూల్స్ ఉంటాయి.

సస్పెన్షన్, జీవన భృతి

సస్పెన్షన్ శిక్ష కాదు, తాత్కాలికంగా పనికి దూరంగా ఉంచడం మాత్రమే. ఉద్యోగ సంబంధం కొనసాగుతుంది. అందుకే అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి పోకూడదు, వేరే ఉద్యోగం చేయకూడదు. మూడు నెలల్లో చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ పొడిగించరాదనీ, మెమో ఇచ్చాక పొడిగిస్తే కారణాలు రాయాలనీ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది.

ఈ కాలంలో సబ్సిస్టెన్స్ అలవెన్స్, అంటే జీవన భృతి ఇవ్వాలి. కేంద్ర ఉద్యోగులకు మొదటి మూడు నెలలు అర్ధవేతన సెలవు జీతంతో సమానం. తర్వాత, ఆలస్యం ఎవరివల్ల జరిగిందో చూసి, ఆ మొత్తంలో సగం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు. రాష్ట్రాల్లో లెక్క వేరుగా ఉంటుంది. వేరే ఉద్యోగం చేయడం లేదన్న ధ్రువపత్రం ఇవ్వడం మరచిపోకండి.

మన కోలార్ గనుల నుంచే దీనిపై పెద్ద తీర్పు వచ్చింది. భారత్ గోల్డ్ మైన్స్ ఉద్యోగి ఒకరిని సస్పెండ్ చేసి జీవన భృతి ఇవ్వలేదు. కేరళలో ఉన్న ఆయన ప్రయాణానికి డబ్బులేక విచారణకు రాలేకపోయారు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో డిస్మిస్ చేశారు. అవే ఆరోపణలపై క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. 1999లో సుప్రీంకోర్టు, భృతి ఇవ్వకుండా జరిపిన ఆ విచారణ చెల్లదని, ఆయన్ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

విచారణలో మీ హక్కులు

ఆధారంగా చూపే పత్రాలు అడిగి చూడవచ్చు. సాక్షులను ప్రశ్నించవచ్చు. తోటి ఉద్యోగిని డిఫెన్స్ అసిస్టెంటుగా పెట్టుకోవచ్చు. శిక్ష నిర్ణయించేముందు విచారణ నివేదిక కాపీ మీకివ్వాలి. హైదరాబాదు ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. శిక్షపై అప్పీలు గడువు కేంద్ర ఉద్యోగులకు 45 రోజులు.

ఎవరికి ఏ రూల్స్

కర్ణాటకకు 1957, తమిళనాడుకు 1955, ఒడిశాకు 1962, మహారాష్ట్రకు 1979 నాటి క్రమశిక్షణ నియమాలు. యానాం ఉద్యోగులకు 1965 నాటి కేంద్ర నియమాలు.

మెమో అందగానే

1. అందుకున్న తేదీ వేసి సంతకం చేయండి. అందుకోవడం ఒప్పుకోవడం కాదు.
2. భాష అర్థం కాకపోతే తెలిసినవారితో ఆ రోజే చదివించుకోండి.
3. జవాబు గడువు మెమోలోనే ఉంటుంది. చాలకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి.
4. ప్రతి ఆరోపణకూ విడిగా జవాబు రాయండి. కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా కష్టం చెప్పుకుంటూ అర్జీ పెట్టుకునే హక్కు 350వ అధికరణం ఇచ్చింది. అయినా తెలుగు అర్జీకి కన్నడ అనువాదం జతచేస్తే పని ఆగదు.

ఆ తండ్రి ఆలస్యానికి కారణం రాసి జవాబు ఇచ్చారు. విచారణ ఇంకా నడుస్తోంది. దరఖాస్తులో 'ప్రభుత్వ ఉద్యోగి' అనే రాయించాను. ఇలాంటి కాగితం ఎవరికైనా వస్తే దాచిపెట్టకండి. బడి వదిలాక ఆఫీసుకు తీసుకురండి, కూర్చుని చదువుదాం.

ప్రధానోపాధ్యాయుడు