నిఖా అయింది సరే, ఋజువేది?

మా సంఘ కార్యాలయానికి వచ్చే అర్జీలు చాలావరకు స్కాలర్‌షిప్పులకు, వితంతు పింఛన్లకు, షాదీఖానా బుకింగుకు సంబంధించినవే. ఈ నాలుగైదేళ్ళుగా ఇంకో రకం వాళ్ళు కూడా వస్తున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, నిఖానామా నకలు, పెళ్ళి ఫోటోలు. అబ్బాయి ఇంగ్లండులోనో గల్ఫులోనో ఉంటాడు, అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. ఒక పెద్దావిడ అయితే కోపం పట్టలేక మమ్మల్నే నిలదీసింది. "ఖాజీ గారు చదివించారు, ఊరంతా వచ్చి బిర్యానీ తిన్నది, ఇంకా ఋజువేమిటి భాయ్?" అని.

ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆమెకు చెప్పలేకపోయినదాన్ని ఈ సంచికలో సభ్యుల ముందు పెడుతున్నాం. ఆమె అల్లుడుండేది బ్రిటన్‌లో కనుక ఆ దేశం కథే తీసుకొన్నాం. భార్య భర్త దగ్గరకు వెళ్ళే దారిలో కాగితాలు ఎప్పుడు, ఎట్లా వచ్చి పడ్డాయో అక్కడి చరిత్రలో బాగా కనబడుతుంది.

1962కు ముందు అసలీ గొడవే లేదు. 1948 నాటి జాతీయతా చట్టం ప్రకారం కామన్‌వెల్త్ పౌరుడు ఎవరైనా బ్రిటన్ వెళ్ళి ఉండవచ్చు, పని చేసికోవచ్చు. జలంధర్, మీర్‌పూర్, సిల్హెట్ ప్రాంతాల మగవాళ్ళు వెళ్ళి మిల్లుల్లో, ఫౌండ్రీల్లో పని చేసేవారు. నాలుగేళ్ళు సంపాదించి ఇంటికి వచ్చేవారు. తరువాత తమ్ముడో మేనల్లుడో వెళ్ళేవాడు. భార్యను తీసికొని వెళ్ళాలన్న తొందర చాలామందికి లేదు, ఎందుకంటే ఎప్పుడంటే అప్పుడు రావచ్చు, పోవచ్చు.

1962 జూలై 1 నుంచి కామన్‌వెల్త్ వలసదారుల చట్టం అమలులోకి వచ్చింది. పనికి వెళ్ళాలంటే వోచరు ఉండాలన్నారు. అయితే అక్కడ స్థిరపడినవాడి భార్యకు, 16 ఏళ్ళు దాటని పిల్లలకు మాత్రం వోచరు అక్కర్లేదు, వారికి ప్రవేశ హక్కు ఉంది. జనాన్ని తగ్గించడానికి చేసిన ఈ చట్టం చివరకు సంసారాలను కదిలించింది. ఇంటికి వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదోనన్న భయంతో మగవాళ్ళు తిరుగు ప్రయాణం మానుకొని భార్యాపిల్లల్ని పిలిపించుకొన్నారు. ఒంటరి మగవాళ్ళు పదిమంది ఒక గదిలో పడుకొనే వీధులు కొన్నేళ్ళలోనే కుటుంబాల వీధులయ్యాయి. మన తెలుగు ప్రాంతం నుంచి ఆ రోజుల్లో వెళ్ళినవారిలో డాక్టర్లు చెప్పుకోదగ్గవారు. చదువుకొన్నవారికి వోచరు దొరకడం కొంత సులువు.

అసలు మలుపు 1969లో వచ్చింది. అంతకు ముందు భార్య విమానం దిగిన తరువాత అక్కడి అధికారి చూసి పంపేవాడు. 1969లో చేసిన చట్టంతో, బయలుదేరక ముందే తన దేశంలోని బ్రిటిష్ హైకమిషన్‌లో ప్రవేశ పత్రం సంపాదించాలన్న నిబంధన పెట్టారు. వినడానికి మంచిదే, అంత దూరం పోయి వెనక్కి తిరిగి రావలసిన పని లేదు గదా. కాని జరిగిందేమిటి? హక్కు హక్కుగానే ఉంది, దాని ముందు ఒక వరుస నిలబడింది. ఢాకాలో, ఇస్లామాబాద్‌లో ఇంటర్వ్యూ కోసం ఏళ్ళ తరబడి ఆగవలసి వచ్చింది.

ఇంటర్వ్యూ ఎట్లా ఉండేదో కాస్త చెప్పాలి. భార్యను వేరుగా, పిల్లల్ని వేరుగా, భర్తను వేరుగా అడిగేవారు. ఇంట్లో గదులెన్ని, పొరుగువారెవరు, పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, మీ ఆడబిడ్డకు పిల్లలెందరు అని. తరువాత జవాబులు పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా కనబడితే, చెప్పుకొన్న బంధుత్వం నమ్మదగినదిగా లేదని వ్రాసి తిప్పి పంపేవారు. మాట వరసకు, మా సంఘ సభ్యులనే వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, మీ పెళ్ళికి ఎన్ని వేటలు కోశారని మియాబీబీలను అడిగితే ఒకే లెక్క చెప్పేవారెందరో చేతులెత్తండి! పిల్లల వయసు మీద అనుమానం వస్తే ఎముకలకు ఎక్స్‌రే తీసేవారు. అది వయసును ఖచ్చితంగా చెప్పలేదని వైద్యులే అభ్యంతరం చెప్పగా 1982లో మానుకొన్నారు.

ఇంతకంటే సిగ్గుపడవలసిన సంగతి 1979లో బయటపడింది. వివరంగా వ్రాయడానికి మాకే మనసొప్పలేదు గాని దాచడం తప్పు. అప్పటి నిబంధన ప్రకారం భార్యగా రావాలంటే ముందుగా పత్రం కావాలి. అక్కడికి వచ్చి మూడు నెలల్లో పెళ్ళి చేసికొనే కాబోయే భార్యకు మాత్రం అది తప్పనిసరి కాదు. ఆ సంవత్సరం జనవరిలో 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయురాలు ఒకామె పెళ్ళి కోసం హీత్రూ విమానాశ్రయంలో దిగింది. ఈమె కాబోయే భార్య కాదు, వరుస తప్పించుకొని వచ్చిన భార్యేమోనని అధికారులు అనుమానించి కన్యాత్వ పరీక్ష చేయించారు. ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఆ వార్త వేసింది. మన ప్రభుత్వం నిరసన తెలిపింది, బ్రిటన్ ఆ పద్ధతి నిలిపివేసింది. ఏదో ఒకటి జరిగిందని అప్పట్లో సర్దిచెప్పారు. 2011లో పరిశోధకులు పాత ఫైళ్ళు తిరగేస్తే, 1970ల చివరి సంవత్సరాల్లో మన దేశంలోని వీసా కార్యాలయాల్లోనే కనీసం 80 మంది స్త్రీలకు అటువంటి పరీక్షలు జరిగినట్టు తేలింది. ఆ స్త్రీలు ఇంటికి వచ్చి ఎవరికి చెప్పుకొని ఉంటారు?

ఇప్పుడు అన్వర్ డిట్టా సంగతి. ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్య కారణం ఈ ఒక్క కథే అన్నా తప్పు లేదు. ఆమె 1953లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది, రాచ్‌డేల్ పట్నంలో పెరిగింది. తల్లిదండ్రులు విడిపోగా తొమ్మిదేళ్ళ వయసులో పాకిస్తాన్‌లోని బంధువుల దగ్గరకు పంపారు. అక్కడ చిన్నతనంలోనే నిఖా అయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. 1970ల మధ్యలో భార్యాభర్తలిద్దరూ బ్రిటన్ చేరారు, కాస్త నిలదొక్కుకొన్నాక పిల్లల్ని రప్పించుకొందామని వారిని అక్కడే ఉంచారు. ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. తమ నిఖా బ్రిటన్‌లో చెల్లదేమోనన్న భయంతో మళ్ళీ రిజిస్టరు పెళ్ళి చేసికొని, అందులో ఇద్దరూ అవివాహితులమని వ్రాయించారు.

1976లో పిల్లల కోసం దరఖాస్తు పెట్టారు, 1979లో తిరస్కరించారు. ఈ పిల్లలు ఆమెకు పుట్టినవారని నమ్మలేమన్నారు. పాకిస్తాన్‌లో పెళ్ళయిన అన్వర్ డిట్టా ఒకరు, ఇంగ్లండులో పెళ్ళయిన అన్వర్ డిట్టా మరొకరు అయి ఉండవచ్చునన్న వాదన కూడా తెచ్చారు. కన్నతల్లి ఎదురుగా నిలబడి నేనే అంటుంటే, ఇద్దరున్నారేమో అన్నారన్న మాట! అప్పీలు కూడా పోయింది. ఆమె ఊరుకోలేదు. మసీదుల దగ్గర, కార్మిక సంఘాల సభల్లో, కాలేజీల్లో, ఎక్కడ నలుగురు కూడితే అక్కడ మాట్లాడింది. చివరకు 1981 మార్చిలో గ్రెనడా టెలివిజన్‌వారి కార్యక్రమం ఒకటి రక్త పరీక్షలు చేయించి, పిల్లలు ఆ దంపతుల పిల్లలేనని చూపించింది. ప్రభుత్వం దిగివచ్చింది. ఏప్రిల్‌లో పిల్లలు విమానం దిగారు. అప్పటికి తల్లీపిల్లలు విడిపోయి సుమారు ఆరేళ్ళు. ఆమె 2021లో చనిపోయింది.

ఒక చిన్న గడిలో "అవివాహిత" అని వ్రాసినందుకు ఆరేళ్ళు. మా దగ్గరకు వచ్చేవారికి ఈ కథ చెప్పకుండా మేము ఏ ఫారమూ నింపడం లేదు.

ఇక భర్తల సంగతి. భార్యకు హక్కు ఉన్నదన్నారు సరే, అక్కడి అమ్మాయి ఇక్కడి అబ్బాయిని చేసికొంటే? 1969లో ఆ దారి మూశారు, 1974లో తెరిచారు, 1980లో మళ్ళీ బిగించారు. ఈ పెళ్ళి ముఖ్యోద్దేశం బ్రిటన్‌లో స్థిరపడడం కాదని అబ్బాయే ఋజువు చేసికోవాలన్నారు. ఇంటర్వ్యూలో "ఇంగ్లండు వెళ్ళాలని ఉందా?" అంటే ఉందన్నా తప్పే, లేదంటే మరి దరఖాస్తు ఎందుకన్నట్టు. మీ ఆచారం ప్రకారం పెళ్ళికూతురే అత్తవారింటికి రావాలి గదా, నీవెందుకు అక్కడికి వెళ్తున్నావు అని కూడా అడిగేవారు. ఇల్లరికం అన్న మాట ఆ దొరలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ వివక్ష మీద ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. వారిలో ఒకామె భారతీయ మూలాలున్న, మలావీలో పుట్టిన ఆమె. 1985 మే 28న తీర్పు వారి పక్షాన వచ్చింది. మగవాడు భార్యను పిలిపించుకోవచ్చు, ఆడది భర్తను పిలిపించుకోరాదనడం స్త్రీ పురుష వివక్ష అని. అందరూ సంతోషించారు. ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. భర్తలకున్న ఆ పరీక్షను తీసివేయలేదు, అదే సంవత్సరం భార్యలకు కూడా తగిలించింది! సమానత్వం వచ్చిందనే చెప్పుకోవాలి. ఆ నిబంధన 1997 జూన్ దాకా నడిచి, కొత్త ప్రభుత్వం రాగానే పోయింది.

నమ్మకం సంగతికి వస్తే, 1984 సెప్టెంబరులో లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతి కనిపెట్టాడు. దొంగల్ని పట్టడానికే అది పుట్టిందనుకొంటాం. కాని మొదట వాడింది 1985లో ఒక ఘనా కుటుంబం కేసులో, ఈ పిల్లవాడు ఈ తల్లి కొడుకేనని చూపడానికి. తరువాత ఢాకా, ఇస్లామాబాద్ దరఖాస్తుల మీద ప్రభుత్వమే పరీక్షించి చూసింది. బంధుత్వం నమ్మలేమని తిప్పి పంపిన పిల్లల్లో అత్యధికులు నిజంగా ఆ తల్లిదండ్రుల పిల్లలేనని తేలింది. అప్పుడైనా పిలిచారా? ఏళ్ళు గడిచి చాలామంది 18 దాటిపోయారు. వయసు మీరినవారిని, ప్రత్యేకమైన కష్టాలుంటే తప్ప, రానివ్వబోమని 1989లో హోం మంత్రి డగ్లస్ హర్డ్ ప్రకటించారు. అబద్ధమని త్రిప్పి పంపినవాడికి నిజమని తేలినా తలుపు తెరవలేదు. ఈ అరవై ఏళ్ళ కథలో మాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

1988 చట్టంతో 1973కు ముందే స్థిరపడినవారి భార్యాపిల్లలకున్న ప్రత్యేక హక్కు కూడా పోయింది. ఒక భార్య అక్కడ ఉండగా రెండవ భార్యకు ప్రవేశం లేదన్నదీ అందులోనే.

తరువాత ప్రశ్నే మారింది. నీవు ఇతని భార్యవేనా అన్నది వెనక్కి పోయి, నీ భర్త సంపాదన ఎంత అన్నది ముందుకు వచ్చింది. 2010 నవంబరు నుంచి భార్యకు కొద్దిపాటి ఇంగ్లీషు రావాలన్నారు. 2012 జూలైలో భర్తకు ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలన్నారు, 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 చేశారు. ఇది గాక 2024 ఫిబ్రవరి నుంచి ఆరోగ్య రుసుము ఏడాదికి 1,035 పౌండ్లు. గల్ఫులో మొదటి నుంచీ లెక్క జీతంతోనే. అక్కడ హక్కు అన్న మాటే లేదు, జీతాన్నిబట్టి, ఉద్యోగం పేరునుబట్టి భార్యకు వీసా. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టి, 2020 నాటికి 400 చేశారు. మనవాళ్ళు చాలామంది భార్యాపిల్లల్ని వెనక్కి పంపడానికి అదొక కారణం.

మన వైపు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాం. మన ఆడపిల్లకు పేర్లు మూడు. ఇంట్లో పిలిచేది ఒకటి, బడిలో వ్రాయించింది ఒకటి, నిఖానామాలో ఖాజీ గారు వ్రాసింది ఒకటి. బడిలో షేక్ ఖాసింబీ, నిఖానామాలో ఖాసిమున్నీసా బేగం! ఊరికి తెలుసు ఒక్కతేనని, అధికారికి ఎట్లా తెలుస్తుంది? మన రాష్ట్రంలో 2002 నుంచి వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం ఉంది, అయినా వీసా అవసరం వచ్చేదాకా దాని జోలికి పోయేవారు తక్కువ. పెళ్ళి రోజునే పాస్‌పోర్టులోనో బడి సర్టిఫికెట్‌లోనో ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా, ఖాజీ గారి ముందు పెట్టి అదే వ్రాయించండి. అబ్బాయి తండ్రి పేరు, తేదీ, సాక్షుల పేర్లు కూడా సంతకం పెట్టే ముందే సరిచూడండి. తరువాత దిద్దించడానికి తిరిగే ఆఫీసులు మేము తిరిగి చూశాం.

మమ్మల్ని నిలదీసిన పెద్దావిడ గారి అమ్మాయి ఇంగ్లీషు పరీక్ష మొదటిసారే పాసయింది. పేరు తేడా సరిచేయించడానికి మూడు నెలలు పట్టింది. అల్లుడు ఆరు నెలల జీతం స్లిప్పులు పంపాలి. నాలుగు వచ్చాయి. ఐదో నెలలో అతనికి పని గంటలు తగ్గించారట, లెక్క 29,000కు అందడం లేదు. కనుక మళ్ళీ మొదటి నెల నుంచి ఎంచుకొంటూ వస్తున్నారు. ఫైలు మా బీరువాలో ఉంది.