తెల్ అమాల్ కావలి శిబిరం (పునర్నిర్మాణం)

ఇజ్రాయెల్ ఉత్తర భాగంలో, గిల్బోవా కొండల పాదాన గన్ హష్లోషా అనే జాతీయ ఉద్యానవనం ఉంది. తెల్ అమాల్ శిబిరం అందులోని ఆరుబయలు ప్రదర్శనశాల. 1936 డిసెంబర్ 10న యూదు యువతీయువకులు ఒక్క పగటిలో నిలబెట్టిన వ్యవసాయ స్థావరానికి ఇది ప్రతిరూపం. ఆ స్థావరమే పెరిగి నేటి నీర్ దవీద్ కిబ్బుత్జ్ (ఉమ్మడి వ్యవసాయ గ్రామం) అయింది.

అప్పుడు పాలస్తీనా బ్రిటిష్ మాండేట్ పాలనలో ఉండేది. 1936 ఏప్రిల్‌లో అరబ్బుల తిరుగుబాటు మొదలైంది, 1939 దాకా సాగింది. యూదుల స్థావరాల కోసం భూములు కొనే సంస్థ, యూదు జాతీయ నిధి, కొన్న భూముల్లో కాపురం పెట్టడం ప్రాణాపాయంగా మారింది. హషోమెర్ హత్సయిర్ యువజనోద్యమానికి చెందిన తెల్ అమాల్ బృందం పక్కనున్న బేత్ అల్ఫా కిబ్బుత్జ్‌లో తలదాచుకుని, తమ భూమికి వెళ్లే వీలు కోసం ఎదురుచూస్తోంది. ఆ బృందంలోని ష్లోమో గూర్‌కు ఒక ఉపాయం తట్టింది. హైఫాలోని టెక్నియన్‌లో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్‌గా ఉన్న యోహనాన్ రాత్నెర్ దానికి నక్షా గీశారు.

ఉపాయం వినడానికి సాదాగా ఉంటుంది: ముందు రక్షణ, తర్వాతే ఇల్లు. సుమారు 35 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న జాగా చుట్టూ గోడ, నడుమ కావలి బురుజు, లోపల నలభై మందికి నాలుగు చెక్క పాకలు. అన్నీ విడిభాగాలుగా వేరేచోట తయారయ్యాయి. తెల్లవారగానే లారీలమీద వచ్చాయి. పొద్దు గుంకేలోగా బిగింపు పూర్తి కావాలి. చోటు ఎంపికకూ షరతులున్నాయి: లారీ వెళ్లే దారి ఉండాలి, పక్క యూదు గ్రామానికి కనిపించాలి, సాయం అందేదాకా లోపలివాళ్లు దాడిని తట్టుకోగలగాలి.

ప్రదర్శనశాలలో అన్నిటికన్నా తీరిగ్గా చూడదగింది ఈ గోడే. దూరం నుంచి మామూలు చెక్క దడిలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అది రెండు వరుసల పలకల పెట్టె అని తెలుస్తుంది. ఆ రెండు వరుసల మధ్య కంకర నింపారు. చెక్క ఒక్కటే అయితే తూటా దూసుకుపోతుంది. కంకర దాన్ని ఆపుతుంది. సిమెంటు కలపక్కర్లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, మేస్త్రీ అవసరమూ లేదు. పార పట్టగలిగితే చాలు. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు తెలివి బురుజులో కన్నా ఈ కంకర గోడలోనే ఉంది. బురుజు మన జొన్నచేలో మంచెలాంటిదే, కాకపోతే దానిమీద వడిసెలకు బదులు సర్చ్‌లైటు. రాత్రిళ్లు గోడ అవతలి నేలను వెతకడానికి, పక్క గ్రామానికి వెలుతురుతో సంకేతాలు పంపడానికి దాన్ని వాడేవారు.

బ్రిటిష్‌వారికి ముందు ఏలిన ఉస్మానియా (ఒట్టోమన్ తుర్కీ) పాలకుల చట్టం ప్రకారం కప్పు వేసిన కట్టడాన్ని కూల్చకూడదనీ, అందుకే ఒక్కరోజులో కట్టేవారనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, పూర్తి కారణం అది కాదు. తిరుగుబాటును అణచే పనిలో ఉన్న బ్రిటిష్‌వారు ఈ స్థావరాలను చాలావరకు చూసీచూడనట్టు వదిలేశారు. తొందర ఎక్కువగా చీకటి పడుతుందనే. తెల్ అమాల్ తర్వాత ఇదే తీరులో 1939 దాకా 50కి పైగా స్థావరాలు లేచాయి. లెబనాన్ సరిహద్దున 1938 మార్చి 21న వెలసిన హనీతా వాటిలో పేరుమోసింది. 1937లో పాలస్తీనాను యూదు, అరబ్బు రాజ్యాలుగా విభజించే ప్రతిపాదన వచ్చాక ఈ స్థావరాలు భవిష్యత్ సరిహద్దును గీసే గుర్తులుగా కూడా పనికొచ్చాయి.

ఆ గోడ లోపల నిలబడితే బయటి కథ కనబడదు, అందుకే ఇక్కడ చెప్పుకోవాలి. ఈ శిబిరం ఉన్న బెయ్‌సాన్ లోయ భూముల్లో చాలాభాగం ఒకప్పుడు ఉస్మానియా సుల్తాను ఆస్తి. 1921 ఒప్పందం కింద బ్రిటిష్ ప్రభుత్వం వాటిని సాగుచేసుకుంటున్న అరబ్బులకు వాయిదాల మీద ఇచ్చింది. తర్వాత అమ్మకపు షరతులు సడలడంతో కొంత భూమి యూదుల చేతికి మారింది. 1948 మేలో బెయ్‌సాన్ పట్టణం ఇజ్రాయెలీ బలగాల వశమైంది, అక్కడి అరబ్బు జనం ఊరు విడవాల్సి వచ్చింది. నేటి బేత్ షెఆన్ అదే.

ఉద్యానవనం పేరుకు అర్థం ‘ముగ్గురి తోట’. 1938లో కొత్త స్థావరానికి చోటు వెతుకుతూ మందుపాతర పేలి చనిపోయిన హయీం స్తుర్మాన్, అహరోన్ ఎత్కిన్, దవీద్ మోసిన్‌జోన్‌ల స్మారకం అది. అయితే జనంలో ఎక్కువమంది వచ్చేది ఏడాది పొడవునా 28 డిగ్రీల వెచ్చదనం ఉండే ఊటనీటి కొలనుల్లో ఈతకే. శిబిరం చూడాలనుకునేవారు సెలవురోజులు తప్పించుకోవడం మేలు. ఉద్యానవనం ఆవరణలోనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. ఆరో శతాబ్దపు మొజాయిక్ నేల ఉన్న బేత్ అల్ఫా యూదు ప్రార్థనాలయం కొద్ది దూరంలోనే.

అదే కొలనుల నుంచి సాగే అసి వాగు నీర్ దవీద్ నడిమధ్య గుండా పోతుంది. వాగు దగ్గరికి పోనివ్వకుండా కిబ్బుత్జ్ గేటు వేసుకుందంటూ 2020 ప్రాంతంలో బేత్ షెఆన్ వాసులు, మద్దతుదారులు ఆందోళనకు దిగారు. వివాదం కోర్టుకూ ఎక్కింది.