నిర్వాణం ఎవరికి?

నాగార్జునకొండ మహాచైత్యం ఆయక స్తంభాల మీద చాంతిసిరి పేరు పదేపదే కనిపిస్తుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి ఆవిడ మేనత్త. తరవాతి శాసనంలో అదే రాజు ఆవిడకు అల్లుడు. మేనరికం మనకు కొత్తేమీ కాదన్నమాట. క్రీ.శ. మూడో శతాబ్దిలో, ఆ రాజు ఆరో పాలనా సంవత్సరంలో, ఆవిడ ఈ స్తంభాలు నిలబెట్టించింది. ఫలం ఎవరికి చెందాలో కూడా చెక్కించింది: పుట్టినింటికీ మెట్టినింటికీ, ఆ రెండు వంశాల్లో గతించినవారికీ, ఉన్నవారికీ, రాబోయేవారికీ, ఇహపరాల్లో మేలు కోసం, లోకమంతటి సుఖం కోసం, తనకు నిర్వాణ సంపద దక్కడం కోసం.

తనకు! బౌద్ధం మొదటినుంచీ కాదన్నది ఆ ‘తాను’నే కదా. సారనాథ్‌లో తొలి ఐదుగురు శిష్యులకు బుద్ధుడు చేసిన రెండో ఉపదేశమే అనాత్మ గురించి. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాల్లో దేన్ని పట్టుకున్నా అది మారేదే, మన చెప్పుచేతల్లో లేనిదే. అలాంటిదాన్ని నాదనీ నేననీ అనలేం. ఉపనిషత్తుల ఆత్మను ఇలా పక్కన పెట్టిన ఆయన, పునర్జన్మను మాత్రం వదల్లేదు. వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు ఆత్మ ఉందా, లేదా అని సూటిగా అడిగితే మౌనం వహించాడు. ఉందంటే శాశ్వతవాదం, లేదంటే ఉచ్ఛేదవాదం అవుతుందని తరవాత ఆనందుడికి చెప్పాడు. మిలింద రాజుకు నాగసేనుడు చెప్పిన దీపం పోలిక ఆ తరవాతిది: ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే ఇక్కణ్ణుంచి అక్కడికి ఏ వస్తువూ పోలేదు, అయినా మొదటిది లేనిదే రెండోది లేదు. పోలిక ముచ్చటగానే ఉంది. కానీ నేను చేసిన పనికి ఫలం అనుభవించేది ఎవరన్న అనుమానం దానితో తీరదు.

తీరలేదు కాబట్టే సంఘం చీలింది. వాత్సీపుత్రీయులూ సమ్మితీయులూ ‘పుద్గలం’ అనే దాన్ని ఒప్పుకున్నారు. అది స్కంధాలే అనలేం, స్కంధాలకు వేరు అనీ అనలేం, కానీ జన్మ నుంచి జన్మకు సాగేది అదే అన్నారు. ఆత్మను దొడ్డిదారిన తెచ్చారని తక్కినవాళ్ళు మండిపడ్డారు. పాళీ గ్రంథం కథావత్తు మొదలయ్యేదే ఈ తగవుతో. అందులో అతి పొడుగాటి చర్చ కూడా ఇదే.

ఆ గ్రంథానికి రాసిన వ్యాఖ్యలో మనవాళ్ళు కనిపిస్తారు. పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అనే నాలుగు శాఖల్నీ కలిపి ‘అంధకులు’ అంది ఆ వ్యాఖ్య. చావుకూ తిరిగి పుట్టడానికీ మధ్య ఒక అంతరాభవ స్థితి ఉందని పూర్వశైలీయులు వాదించారు. టిబెటన్లు ‘బార్దో’ అంటూ ఎంతో పెంచిన ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. అమృతపదాన్ని, అంటే నిర్వాణాన్ని, తలపులో పట్టుకోవడం కూడా బంధనమే కావచ్చన్నది వాళ్ళదే ఇంకో వాదం. థేరవాదులు దీన్ని తోసిపుచ్చారు. నాకైతే కృష్ణా తీరంలో పుట్టిన వాదాలన్నిటిలోకీ ఇదే పదునైనదనిపిస్తుంది: విముక్తి కావాలన్న కోరికలోనూ ఒక ‘నేను’ దాక్కుని ఉంటుంది.

అమరావతి శిల్పులు ఈ చిక్కును తమ పద్ధతిలో చూపించారు. జాతక కథల్లో బోధిసత్వుడు ఏనుగుగా, రాజుగా, దాతగా పుడుతూనే ఉంటాడు, ఒళ్ళూ ముఖమూ చక్కగా ఉంటాయి. బుద్ధుడయ్యాక మాత్రం తొలి దశ ఫలకాల్లో మనిషి కనిపించడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, అంతే. అదే స్తూపం మీద తరవాత చెక్కిన ఫలకాల్లో బుద్ధుడికి రూపం వచ్చేసింది. భక్తులు ఖాళీ ఆసనంతో ఎంతకాలమని సరిపెట్టుకుంటారు?

శ్రీపర్వతంతో, అంటే ఈ నాగార్జునకొండతో, సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు ఈ తగవును అడుగు నుంచే తిరగేశాడు. మూలమధ్యమకకారిక 27 ప్రకరణాల గ్రంథం. పద్దెనిమిదో ప్రకరణంలో ఆత్మను, ఇరవై అయిదో ప్రకరణంలో నిర్వాణాన్ని పరీక్షకు పెట్టాడు. ఆత్మ ఉందనడం ఎలా నిలవదో, లేదని ఒక సిద్ధాంతం కట్టుకోవడమూ అలాగే నిలవదన్నాడు. సంసారానికీ నిర్వాణానికీ రవ్వంత తేడా లేదన్నాడు. అలాగని దానధర్మాలను కొట్టిపారేయలేదు. లోకవ్యవహారంలో చెల్లే సంవృతి సత్యం, దానికి పైన పరమార్థ సత్యం అని రెండు అంతస్తులు చూపించాడు. శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే రత్నావళిలో శూన్యతతో పాటు ప్రజల మేలు, ఖైదీల బాగోగులు కూడా ఉన్నాయి. చాంతిసిరి కోరిక కింది అంతస్తులో చెల్లుతుంది.

ఆరో శతాబ్దిలో నాగార్జునుడి బాటలోనే నడిచిన భావవివేకుడు ఇంకాస్త దిగివచ్చాడు. లోకవ్యవహారంలో విజ్ఞానాన్నే ఆత్మ అనవచ్చు, మళ్ళీ పుట్టేది అదే కదా అన్నాడు. ఆయన గురించి చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ రాసిన కథ ఇంకా రుచిగా ఉంటుంది. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా ఉండి సందేహాలు తీర్చుకోవాలని ధాన్యకటకం దగ్గర కొండలోని అసురగుహలో ప్రవేశించాడట. అన్నీ శూన్యమన్నవాడికి ఒళ్ళు కాపాడుకోవాలన్న ఆత్రం! ఏడో శతాబ్దిలో ఆ యాత్రికుడు వచ్చేసరికే ఇక్కడి విహారాలు చాలావరకు పాడుబడ్డాయి. మిగిలినవి ఇరవై, భిక్షువులు వెయ్యిమంది.

ఆ తరవాత తెలుగునాట బౌద్ధం క్రమంగా కనుమరుగైంది. దానితో పాటే ఈ వాదనా పోయింది, ఇళ్ళలో ఆత్మ, పితృకార్యం స్థిరపడ్డాయి. గయకు వెళ్ళినవాళ్ళు విష్ణుపాదం దగ్గర పోయినవాళ్ళకు పిండం పెట్టి, అటునుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బోధ్‌గయలో మహాబోధి ఆలయం కూడా చూసి వస్తారు. పిండం అందుకునేవాడు ఎవడన్న ప్రశ్న ఆ కాస్త దారిలో ఎవరికీ అడ్డురాదు.

అడ్డుపెట్టింది అంబేడ్కర్. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నవాళ్ళ చేత ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అన్నదీ ఒకటి. ఆయన పోయాక 1957లో వెలువడ్డ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథం ముందుమాటలోనే అసలు చిక్కు లేవనెత్తాడు: ఆత్మే లేకపోతే కర్మ ఎలా, పునర్జన్మ ఎలా? పుస్తకంలో ఆయన జవాబు, మళ్ళీ పుట్టేది శరీరంలోని భూతాలూ శక్తీ మాత్రమే, ఆత్మ కాదని. గత జన్మ పాపం వల్ల ఈ జన్మలో తక్కువ కులంలో పుట్టారన్న మాటకు ఆ లెక్కలో చోటే లేదు. సంప్రదాయ బౌద్ధుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. నా మట్టుకు, రెండున్నర వేల ఏళ్ళ ఈ కథలో ఇంతకంటే పెద్ద మలుపు కనబడదు. నాగార్జునుడు సైతం జన్మజన్మల పుణ్యపాపాల ఖాతాను వ్యవహారంలో ఉండనిచ్చాడు. ఆ ఖాతా పేరుతో తరతరాలు నష్టపోయినవాళ్ళ తరఫున మాట్లాడిన అంబేడ్కర్ దాన్ని మూసేశాడు.