నాటకాల హార్మోనియం (కోలారు సీమ)

పౌరాణిక పద్య నాటకానికి శ్రుతినీ రాగాన్నీ అందించే గాలి వాద్యం నాటకాల హార్మోనియం. కర్ణాటకలోని కోలారు జిల్లాలో మాలూరు, బంగారపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల పల్లెల్లో ఆడే తెలుగు, కన్నడ నాటకాలు రెండూ దీని మీదే నడుస్తాయి. దీన్ని వాయించే మేష్టరు పక్కవాద్యగాడు మాత్రమే కాదు. పద్యాలు నేర్పేదీ, ఎవరి గొంతుకు ఏ వేషం నప్పుతుందో చెప్పేదీ, ప్రదర్శన రాత్రి మాట మరిచిపోయిన నటుణ్ణి ఒడ్డున పడేసేదీ ఆయనే.

ఈ నాటకాల సీమలోనే, మాలూరు తాలూకాలో తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా మాస్తి గ్రామం ఉంది. ఈ ఊరి పేరు దేశానికి తెలిసింది కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ వల్ల. ఇంట్లో తమిళం మాట్లాడి, కన్నడంలో రాసి, 1983 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న ఆయన ‘కాకనకోటె’ వంటి నాటకాలూ రాశారు. కానీ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేది మాత్రం కురుక్షేత్రం, సంపూర్ణ రామాయణం లాంటి పౌరాణికాలే. రెండు భాషల్లో పాడటం ఈ సీమకు కొత్త కాదు. ఒకప్పుడు కోలారు జిల్లాలోనే ఉండి, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళిన కైవారంలో నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామంది చదివింది కన్నడ బళ్ళలో. అందుకే తెలుగు పద్యాన్ని కన్నడ లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించుకుని కంఠతా పడతారు. అరసున్నలు, బండి ‘ఱ’లు ఆ దారిలో రాలిపోయినా యతిప్రాసలు చెవిలో నిలిచే ఉంటాయి.

ఐరోపా వాద్యమైన హార్మోనియానికి 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ పేటెంటు తీసుకున్నాడు. మిషనరీల, దొరల ఇళ్ళ ద్వారా మన దేశంలోకి వచ్చిన ఈ పెట్టెను నేల మీద కూర్చుని వాయించే చేతి హార్మోనియంగా మార్చి జనానికి అందించినవారిలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ ముఖ్యుడు. ఆయన ద్వార్కిన్ దుకాణం పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. తెలుగు నాటకంలోకి పాట బలంగా వచ్చింది 1880లలో. బళ్ళారిలో సరస వినోదిని సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’తో పద్యాన్నీ పాటనూ వచనాన్నీ ఒక అల్లికలోకి తెచ్చారు. పార్సీ, మరాఠీ కంపెనీల నాటకాల్లో అప్పటికే ఊపిరి పోసుకున్న హార్మోనియం తెలుగు రంగస్థలం మీదా, ఇటు మైసూరు సీమ కంపెనీల్లోనూ పీట వేసుకుంది.

పెట్టె లోపల ఉన్నది ఇత్తడి రీడ్ల వరస. తిత్తి నుంచి వచ్చే గాలి రీడు నాలుకను కదిలిస్తే స్వరం పలుకుతుంది. గుజరాత్‌లోని పాలితానా రీడ్లకు పేరున్న ఊరు. మంద్ర స్వరాల వరసను బేస్ అనీ, మధ్య వరసను మేల్ అనీ, పై వరసను ఫిమేల్ అనీ వాద్యగాళ్ళు అంటారు. శ్రుతి తప్పితే రీడు నాలుక కొసను కాస్త గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఎక్కువ గీకితే ఆ రీడు పనికిరాకుండా పోతుంది. నాటకానికి చేతి పెట్టె చాలదు. ఒక చెయ్యి తిత్తికే పోతుంది గనక పెద్ద నాటకాలకు కాళ్ళతో తొక్కే లెగ్ హార్మోనియం వచ్చింది. తొక్కుడు పలకల మీద పాదాలు ఆడుతుంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. తొక్కే వేగంతోనే గాలి, గాలితోనే ధ్వని పెరుగుతుంది కాబట్టి యుద్ధం సీనులో మేష్టరు కాళ్ళకు అసలు పని పడుతుంది.

పాటకు తాళం ఉంటుంది, తబలా ఉంటుంది. పద్యానికి తాళం లేదు. నటుడు పద్యం ఎత్తగానే తబలా ఆగిపోతుంది, హార్మోనియం ఒక్కటే గొంతు వెంట నడుస్తుంది. నటుడు ఊపిరి తీసుకునే సందును అదే పూరిస్తుంది, చివరి పాదం తర్వాత సాగదీసే రాగానికి అదే దారి చూపిస్తుంది. కృష్ణ రాయబారం సీను చూస్తే ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. కృష్ణుడి శ్రుతి అయిదున్నర, దుర్యోధనుడిది నాలుగు అనుకుందాం. ఒకరికి షడ్జమం నల్ల మెట్టు మీద, ఇంకొకరికి తెల్ల మెట్టు మీద. పద్యానికి పద్యం జవాబుగా పడుతున్నప్పుడు మేష్టరు ఆధార స్వరం మార్చి, రాగమంతా కొత్త మెట్ల మీదికి జరుపుకుని, ఎదుటివాడి మొదటి అక్షరానికి సిద్ధంగా ఉండాలి. మధ్యలో ‘వన్స్ మోర్’ పడితే మళ్ళీ వెనక్కి.

శాస్త్రీయ సంగీత పండితులకు ఈ పెట్టె అంటే చిన్నచూపు ఉండేది. మెట్ల మధ్య జారడం కుదరదు, గమకం పలకదు. ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని నిషేధించి, 1971లోగానీ సడలించలేదు. ఆ మూడు దశాబ్దాలూ పల్లె నాటకం దాన్ని విడిచిపెట్టలేదు. ఊళ్ళో కొత్తగా పాడటం మొదలుపెట్టిన రైతుకు కావలసింది గమకం కాదు, తప్పిపోకుండా పట్టుకోవడానికి ఒక గట్టి స్వరం. అది ఇవ్వడంలో హార్మోనియానికి సాటి లేదు.

ఈ నిషేధానికి ముందే పడమటి దేశాల సినిమా హాళ్ళలో దీని పెద్ద చుట్టం ఒకటి ఏలింది. ఇంగ్లండులో టెలిఫోన్ ఇంజనీరుగా పనిచేసిన రాబర్ట్ హోప్-జోన్స్ అమెరికా వెళ్ళి రూపుదిద్దిన థియేటర్ పైప్ ఆర్గన్‌ను 1910 నుంచి వుర్లిట్జర్ కంపెనీ తయారు చేసింది. అందులో పలికేవి రీడ్లు ఒక్కటే కాదు, గదుల నిండా గొట్టాలు. వాటితోపాటు డోళ్ళు, గంటలు కూడా. మూగ సినిమాకు ఒక్క మనిషి మొత్తం ఆర్కెస్ట్రా వాయించేవాడు. 1927 తర్వాత టాకీలు రావడంతో ఆ కొలువు పోయింది. వాద్యాలను విడగొట్టి అమ్ముతుంటే అభిమానులు కొని బాగుచేసి, కచేరీలు పెట్టసాగారు. బ్రిటన్‌లో సినిమా ఆర్గన్ సొసైటీ 1952లో, అమెరికాలో థియేటర్ ఆర్గన్ అభిమానుల సంఘం 1955లో పుట్టాయి. బ్రిటన్‌లోనే బ్లాక్‌పూల్ టవర్ బాల్‌రూములో ఆర్గన్ వాద్యగాడు రెజినాల్డ్ డిక్సన్ 1930 నుంచి 1970 దాకా వాయించాడు.

అక్కడ వాద్యాన్ని బతికించింది వినేవాళ్ళు. కోలారు సీమలో బతికించింది వేషం కట్టాలనే కోరిక. పంటలు ఇంటికి వచ్చాక గుడి ముందో, బడి వరండాలోనో రాత్రిపూట నెలల తరబడి నేర్చుకుంటారు. చూసేవాళ్ళకు టికెట్టు ఉండదు. ఖర్చంతా వేషగాళ్ళదే. పెద్ద వేషానికి ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. మేష్టరుకు ఇచ్చేదీ, సీన్లకూ డ్రెస్సులకూ అద్దె, మైకుసెట్టు, ప్రదర్శన రాత్రి తబలా, అన్నీ అందులోంచే. డబ్బిచ్చి కొన్న వేషం కనుక గొంతు లేనివాడు దుర్యోధనుడు కావడమూ ఉంటుంది. అప్పుడు పద్యాన్ని కురచ చేసి, రాగాన్ని పెట్టెలోనే పూర్తి చేయడం మేష్టరు నేర్పు. జనం దాన్ని గమనిస్తారు, పట్టించుకోరు. పల్లెల్లోనే కాక కోలారులోని టి.చన్నయ్య రంగమందిరంలోనూ ఇలాంటి పౌరాణికాలు ఆడుతుంటారు.

ఇప్పుడు చాలా వేదికల మీద లెగ్ హార్మోనియం స్థానంలో ఎలక్ట్రానిక్ కీబోర్డు కనిపిస్తోంది. మోయడం తేలిక, ఒక బటన్ నొక్కితే శ్రుతి మారుతుంది, వయొలిన్ కావాలంటే వయొలిన్, పిడుగు కావాలంటే పిడుగు. నేర్పే రాత్రుల్లో మాత్రం పాత పెట్టెనే ముందు పెట్టుకునే మేష్టర్లు ఉన్నారు. కరెంటు పోయినా పాఠం ఆగదు.