మొరాయించు ఇంజను: దోషనిర్ణయ చరిత్ర

పెట్రోలు ఇంజను కదలవలెనన్నచో తగుపాళ్లలో గాలితో కలిసిన ఇంధనము, దానిని పిస్టను పైకి వచ్చి అదుముటచే కలుగు పీడనము, సకాలమున దానినంటించు నిప్పు, ఈ మూడును సిలిండరునందు ఒక్కసారిగా సమకూడవలెను. 1886వ సంవత్సరమునుండి నేటివరకు ఈ సూత్రమున మార్పు లేదు. మారుచు వచ్చినదెల్ల, ఇంజను మొరాయించినప్పుడు ఈ మూటిలో దేనిని ముందుగా శంకింపవలెనన్న నిర్ణయమే. పురాతనమైన కారు ముందు నిలిచి దోషమును వెదకు పనివాడు, తానెరిగినను ఎరుగకున్నను, ఆ కారు పుట్టిన కాలపు శంకలనే అనుసరించుచున్నాడు.

కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరినప్పుడు, నిప్పురవ్వకై బ్యాటరీని, విద్యుత్ కాయిల్‌ను ఆశ్రయించెను. అదే కాలమున గోట్లీబ్ డైమ్లర్ సిలిండరులోనికి చొచ్చిన ఒక సన్నని గొట్టమును వెలుపలినుండి మంటతో ఎఱ్ఱగా కాచు పద్ధతిని అవలంబించెను. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, ఇరువురు కుమారులను వెంటనిడుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిపై సాగించిన ప్రయాణము సుప్రసిద్ధము. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా ఆమె టోపీసూదితో దానిని శుభ్రపరచెను. జ్వలనపు తీగకు మేజోడుపట్టీని చుట్టి విద్యుత్తు దారితప్పకుండ కాపాడెను. ఇంధనము తరిగిపోగా వీస్లాఖ్ పట్టణపు మందులదుకాణమున లిగ్రాయిన్ కొనెను. పెట్రోలు దారిని, నిప్పు దారిని వేర్వేరుగా పరీక్షించు పద్ధతికి ఇంతకంటె నిర్మలమైన తొలి దృష్టాంతము నాకు కనబడదు.

ఆనాటి కార్బురేటరు ఇంధనపు ఉపరితలముపై గాలిని పోనిచ్చి ఆవిరిని గ్రహించునది గనుక చలికాలమున మిక్కిలి బాధించుచుండెను. 1893లో విల్హెల్మ్ మేబాఖ్ సన్నని జెట్ ద్వారా ఇంధనమును తుంపరగా చిమ్ము విధానమును కల్పించెను. దానితో ఆ బాధ తగ్గినది గాని, ఒక్క ధూళికణము చాలును జెట్ మూసికొనిపోవుటకు. జెట్ విప్పి నోటితో ఊదు అలవాటు నాడు మొదలై మన అంబాసిడరు కార్ల దాక నిలిచినది.

బండిపై బ్యాటరీని తిరిగి నింపుకొను సాధనము లేని ఆ దినములలో, అయస్కాంతముల నడుమ తీగచుట్టను త్రిప్పి విద్యుత్తు పుట్టించు మాగ్నెటో వరప్రసాదమయ్యెను. 1897లో రాబర్ట్ బాష్ కర్మశాల దానిని ఒక త్రిచక్రికకు అమర్చెను. 1902 నాటికి అచటి ఇంజనీరు గోట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధపరచెను. అయితే మెల్లగా త్రిప్పినచో మాగ్నెటో రవ్వ బలహీనము. ఇంజనును మొదలుపెట్టుటకు చేతితో హ్యాండిల్ త్రిప్పునప్పుడు వేగము తక్కువ. అందుచేతనే రోల్స్ రాయిస్ వారు సిల్వర్ ఘోస్ట్ ఇంజనుకు మాగ్నెటోతోపాటు బ్యాటరీ, కాయిల్‌ల జ్వలనమును గూడ ప్రత్యేకముగా అమర్చిరి. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని చూడదగిన 1912 నాటి నిజాముల పసుపు కారు ఆ జాతిదే.

దోషనిర్ణయము సామాన్యుని విద్యయైనది ఫోర్డ్ మోడల్ టీ కాలమున. 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఆ కార్లలో అనేకములు, మెకానిక్కు దొరకని పల్లెటూళ్ల రైతులవి. సిలిండరుకొక్కటి చొప్పున నాలుగు కంపించు కాయిల్‌లు ఒక చెక్కపెట్టెలో యజమాని యెదుటనే యుండెను. బ్యాటరీ గల బండిలో మీట వేసి హ్యాండిలును మెల్లగా త్రిప్పినప్పుడు కాయిల్ ఝుమ్మని పలికినచో విద్యుత్తు అంతవరకు వచ్చినట్లు, పలుకనిచో తీగలనో, కాయిల్‌లకు వంతులవారీగా విద్యుత్తునందించు టైమరునో శంకింపవలసినట్లు అర్థము. నాదము వినవచ్చియు ఇంజను అంటుకొననిచో ప్లగ్గు వంకకో పెట్రోలు వంకకో మరలవలెను. కంటికి కానరాని విద్యుత్తును చెవికి వినిపించిన ఈ ఏర్పాటును నేను యంత్రచరిత్రలోని మహోపకారములలో ఒకటిగా నెన్నుదును. త్రిప్పుటకుముందు నిప్పురవ్వను ఆలస్యపరచు మీటను మరచినవాని చేయి ఇంజను ఎదురుతన్నుటచే విరుగుట కలదు. అందుచే బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి, హ్యాండిలును క్రిందికి నొక్కక పైకి లాగవలెనని పెద్దలు బోధించుచుండిరి.

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిల్, పాయింట్లు (కాయిల్ విద్యుత్తును తెంచి కలుపు లోహపు మొనలు), కండెన్సరుల జ్వలనవిధానము 1910 నమూనా కాడిలాక్‌లోను, ఆయన విద్యుత్ స్టార్టరు 1912 నమూనాలోను ప్రవేశించినవి. హ్యాండిలు కష్టము తీరినది గాని, బ్యాటరీ నీరసించినచో సర్వమును స్తంభించు నూతనావస్థ సంప్రాప్తించినది. 1957లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో మొదలై 2014 వరకు వెలువడిన అంబాసిడరు ద్వారా ఈ విధానమే తెలుగు మెకానిక్కుల చేతికి చిక్కినది. స్టార్టరు త్రిప్పగా దీపములు మసకబారినచో బ్యాటరీని, దాని టెర్మినళ్లకు పట్టిన బూజును చూచుట. కరెంటు వచ్చుచున్నదా యని కాయిల్ నడిమితీగను ఇంజను లోహమునకు చేరువగా పట్టి రవ్వను పరికించుట. రవ్వ పచ్చబారినచో డిస్ట్రిబ్యూటరు మూత తీసి, కాలిన పాయింట్లను గరుకు కాగితముతో రుద్ది, నడిమి సందును అంగుళములో వేయింట పదునైదు వంతులకు సరిచేయుట. రవ్వ బాగున్నచో ప్లగ్గు విప్పి, తడిసియున్నచో పెట్రోలు మితిమీరినదని, పొడిగానున్నచో అది అసలే రాలేదని తెలిసికొనుట, ఇది వారి క్రమము. మండువేసవిలో మన ప్రాంతపు డ్రైవర్లకు మరియొక శంక అలవడినది: వేడికి పంపులోని పెట్రోలు ఆవిరియై దారి కట్టివేయగా, వారు తడిగుడ్డను పంపుపై కప్పి కొంతసేపు ఓపికతో నిరీక్షించుచుండిరి.

1967లో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షను, 1973లో క్రైస్లర్ కార్లన్నిటికి వచ్చిన ఎలక్ట్రానిక్ జ్వలనము, తరువాతి కంప్యూటర్లు పాయింట్లను, కార్బురేటరును క్రమముగా తొలగించినవి. నేటి కారు తన రోగమును తానే సంకేతముగా చెప్పును. పాత కారు చెప్పదు. పైగా దానికి ఈనాటి పెట్రోలు కొత్త వ్యాధి. చిరకాలము ట్యాంకులో నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి జెట్లను మూసివేయును. అందు కలుపబడిన ఇథనాలు తేమను పీల్చుకొని, పూర్వపు రబ్బరు గొట్టములను, పంపు పొరలను చెరచును. కావున ఏండ్ల తరబడి కదలక నిలిచిన పాత కారు విషయమున నేటి తొలి శంక ఇంధనముపై ఉండుటయే న్యాయము.

ఈ విద్యలో పుస్తకములకెక్కినది స్వల్పము. అధికభాగము వృద్ధ మెకానిక్కుల చేతులలోను చెవులలోను ఉన్నది. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పనిచేసినవారు ఒక్కొక్కరుగా వృత్తి విరమించుచున్నారు. పాత కారు గల పాఠకులు తమ మెకానిక్కు దోషమును వెదకు క్రమమును, చూచినది చూచినట్లు, తెలుగులో వ్రాసి భద్రపరుపవలసినదిగా ప్రార్థన.