రహదారి, వాహనం, బ్యాటరీ: విద్యుదీకృత రహదారుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రయాణంలో ఉన్న వాహనానికి రహదారి నుంచే విద్యుత్తును అందించే పద్ధతిని నేడు సరికొత్త ఆవిష్కరణగా పేర్కొనడం పరిపాటి. అయితే దాని మూలాలు 19వ శతాబ్ది చివరి దశకాలలో ఉన్నాయి. 1882 నాటి బెర్లిన్ ప్రయోగం మొదలుకొని ఇటీవలి ఫ్రాన్స్ ప్రయోగం వరకు గల ప్రధాన ఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యుత్తును సమకూర్చే భారంలో రహదారి వంతు ఎంత, వాహనం వంతు ఎంత అన్న ప్రశ్నే ఈ చరిత్రను నడిపించిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యుదీకృత రహదారి, విద్యుదయస్కాంత ప్రేరణ, ట్రాం, బ్యాటరీ, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
విద్యుత్తుతో నడిచే వాహనానికి రెండే మార్గాలున్నాయి. కావలసిన శక్తిని తనతో మోసుకుపోవడం ఒకటి. దారి పొడవునా అందుకుంటూ పోవడం రెండవది. మొదటి దానికి బ్యాటరీ కారు, రెండవ దానికి ట్రాం ఉదాహరణలు. ఈ రెండింటి నడుమ నిలిచేదే విద్యుదీకృత రహదారి. ఇందులో వాహనానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. దారిలోని కొంత భాగం దానిని నింపుతుంది.

ఈ రంగాన్ని గురించిన ప్రకటనలలో ‘మొట్టమొదటి’ అన్న విశేషణం తరచుగా కనిపిస్తుంది. 2016లో స్వీడన్‌లోని యెవ్లె, 2018లో అదే దేశంలోని ఆర్లాండా, 2023లో అమెరికాలోని డెట్రాయిట్ ఆ విశేషణాన్ని పొందాయి. పైతీగ, నేలపట్టా, భూగర్భ తీగచుట్ట అన్న పద్ధతీభేదాన్ని బట్టి, ప్రపంచమా దేశమా అన్న పరిధిని బట్టి ఈ ప్రకటనలు వేటికవి సమంజసమే. కానీ ఆరంభాలను మాత్రమే లెక్కించే చరిత్రలో ముగింపులు నమోదు కావు. ఏ ప్రయోగం ఎందుకు ఆగిపోయిందో తెలియకపోతే, ప్రజాధనంతో నిర్మించే తరువాతి రహదారిని అంచనా వేయడానికి ఆధారం ఉండదు.

2. తీగ నుంచి నేలలోకి:
1882 ఏప్రిల్ 29న బెర్లిన్ సమీపంలోని హాలెన్‌జేలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ‘ఎలెక్ట్రోమోటె’ అనే బండిని నడిపించాడు. 540 మీటర్ల ఆ ప్రయోగమార్గంలో పట్టాలు లేవు. పట్టాలుంటే విద్యుత్తు వాటి గుండా తిరిగిపోగలదు. అవి లేనందువల్ల రెండు పైతీగలు అవసరమయ్యాయి. ఆ ఏడాది జూన్ 13న ప్రయోగం ముగిసింది. మామూలు బాటపై నడిచే బండికి బయటి నుంచి విద్యుత్తు అందించవచ్చని మాత్రం రుజువైంది.

పైతీగలు నగరశోభను చెడగొడతాయన్న అభ్యంతరం కారణంగా విద్యుత్తును నేలలోకి దించే ప్రయత్నాలు సాగాయి. పట్టాల నడుమ సన్నని చీలిక గల కాలువను తవ్వి, అందులో విద్యుద్వాహకాన్ని అమర్చేవారు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో 1885లో ఈ పద్ధతిన ట్రాం మార్గం ప్రారంభమైంది. సముద్రపు నీరు, ఇసుక కాలువలోకి చేరడంతో 1899లో అక్కడ పైతీగలకు మారవలసి వచ్చింది. వాషింగ్టన్ నగరంలో పైతీగలపై చట్టపరమైన నిషేధం ఉన్నందున ఈ పద్ధతి 1962 వరకు కొనసాగింది.

భారతదేశానికి కూడా ఈ ఘట్టంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. 1895 మే 7న మద్రాసులో ప్రారంభమైన విద్యుత్ ట్రాం దేశంలోనే మొదటిది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఆ నగరమే రాజధాని. అక్కడ తొలుత అవలంబించినది భూగర్భ కాలువ పద్ధతే. వానాకాలపు నీటికి ఆ కాలువ తట్టుకోలేకపోవడంతో తరువాత పైతీగలు వచ్చాయి. బ్లాక్‌పూల్, మద్రాసు అనుభవాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రహదారిలో విద్యుత్తును ఉంచడం విద్యుత్ శాస్త్రానికి ఎంత సంబంధించినదో, మురుగునీటి పారుదలకు, రోజువారీ నిర్వహణకు కూడా అంతే సంబంధించినది.

నేలపై విద్యుద్వాహకం ఉంటే పాదచారుల మాటేమిటన్న ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం శతాబ్దం తరువాత లభించింది. 2003లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగర ట్రాం మార్గంలో మధ్యపట్టాను చిన్న చిన్న ఖండాలుగా విభజించారు. ట్రాం పైన ఉన్నప్పుడే ఆయా ఖండానికి విద్యుత్తు చేరుతుంది. ‘వాహనం ఉన్నచోటనే విద్యుత్తు’ అన్న ఈ సూత్రం తరువాతి విద్యుదీకృత రహదారులలోనూ కనిపిస్తుంది.

3. స్పర్శ లేని మార్గం:
నీరు, ఇసుక, పాదచారుల భద్రత అన్న మూడు చిక్కులకూ ఒకే పరిష్కారంగా తోచినది విద్యుదయస్కాంత ప్రేరణ. 1831లో ఫారడే నిరూపించిన ఈ సూత్రం ప్రకారం, ఒక తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్ ప్రవాహం సమీపంలోని మరొక చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. మొదటి చుట్టను రహదారిలో పూడ్చి, రెండవదాన్ని వాహనం అడుగున అమర్చితే స్పర్శతో పని లేదు. మారిస్ యుటాఁ, మారిస్ లెబ్లాఁ అనే ఫ్రెంచి ఇంజనీర్లు ఈ ఆలోచనకు 1894లోనే అమెరికాలో పేటెంటు పొందారు. దానిని ఆచరణయోగ్యం చేయగల అధిక పౌనఃపున్య పరికరాలు ఆనాడు లేవు.

1970ల చమురు సంక్షోభం ఈ ఆలోచనకు తిరిగి ప్రాణం పోసింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మొదలైన పరిశోధన ‘పాత్’ కార్యక్రమంగా విస్తరించింది. అందులో రూపొందిన బస్సు 7.6 సెంటీమీటర్ల ఎడమ నుంచి 60 కిలోవాట్ల శక్తిని సుమారు 60 శాతం దక్షతతో గ్రహించింది. ఫలితాలు 1994లో నివేదికగా వెలువడ్డాయి. 400 హెర్ట్జ్ పౌనఃపున్యం వల్ల తీగచుట్టలు బరువెక్కాయి. చెవికి వినిపించే రొద కూడా పుట్టింది. సూత్రం సరైనదేనని, పరికరాలు ఇంకా చాలవని ఆ నివేదిక ద్వారా గ్రహించవచ్చు.

ఆ లోటును తీర్చినది అర్ధవాహక పరికరాల అభివృద్ధి. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో జాన్ బాయ్స్, గ్రాంట్ కోవిక్ అనునాదసూత్రం ఆధారంగా ప్రేరణ పద్ధతిని మెరుగుపరచారు. అది మొదట కర్మాగారాలలో సరకులు తరలించే బండ్లకు ఉపయోగపడింది. దక్షిణ కొరియాలోని కైస్ట్ సంస్థ 2009లో చేపట్టిన ప్రాజెక్టు దీనిని రహదారి మీదికి తెచ్చింది. 2013లో గుమి నగరంలో 24 కిలోమీటర్ల మార్గంలో రెండు బస్సులు నడిచాయి. 20 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో, 17 సెంటీమీటర్ల ఎడమున, 85 శాతం దక్షతతో 100 కిలోవాట్ల శక్తిని అందించినట్లు ఆ సంస్థ ప్రకటించింది. పరికరాలను మార్గమంతటా కాక 5 నుంచి 15 శాతం భాగంలో అమర్చితే చాలునన్నది ఇందులోని కీలకాంశం. ఆ మేరకు బస్సులోని బ్యాటరీ పరిమాణం తగ్గుతుంది.

4. ప్రభుత్వాలు, ప్రయోగాలు:
విభిన్న పద్ధతులను పక్కపక్కన పరీక్షించిన దేశం స్వీడన్. 2016లో యెవ్లె సమీపంలో రెండు కిలోమీటర్ల మేర పైతీగలు అమర్చారు. అంత ఎత్తును అందుకోగలవి భారీ ట్రక్కులే కనుక కార్లకు అందులో చోటు లేదు. 2018లో ఆర్లాండా విమానాశ్రయం వద్ద రెండు కిలోమీటర్ల నేలపట్టా వచ్చింది. గాట్లండ్ ద్వీపంలో 1.6 కిలోమీటర్ల మేర తీగచుట్టలను పూడ్చారు. తరువాత హాల్స్‌బెరి, ఎరెబ్రూ పట్టణాల నడుమ 21 కిలోమీటర్ల శాశ్వతమార్గం తలపెట్టారు. వచ్చిన టెండర్లు బడ్జెట్టును మించిపోవడంతో 2023లో ఆ ప్రక్రియను రద్దు చేశారు.

జర్మనీ 2019లో ఎ5 రహదారిపై పైతీగల పద్ధతిని పరీక్షించింది. 2023లో డెట్రాయిట్‌లోని 14వ వీధిలో సుమారు 400 మీటర్ల మేర తీగచుట్టలు అమరాయి. 2025లో పారిస్‌కు నైరుతి దిశలో ఎ10 రహదారిపై 1.5 కిలోమీటర్ల భాగంలో ఇదే పద్ధతి పరీక్షకు వచ్చింది.

5. బ్యాటరీ ఇచ్చిన సవాలు:
సాంకేతికంగా రహదారి నెగ్గుతున్న కాలంలోనే దాని ఆర్థిక ప్రాతిపదిక సడలింది. ఖరీదైన బ్యాటరీని చిన్నది చేయడమే విద్యుదీకృత రహదారికి ప్రధాన సమర్థన. 2010లో కిలోవాట్-గంటకు వెయ్యి డాలర్లకు పైగా ఉన్న లిథియం-అయాన్ బ్యాటరీ ధర 2024 నాటికి సుమారు 115 డాలర్లకు దిగింది. బ్యాటరీ ధర తగ్గిన కొద్దీ రహదారి ఆదా చేసే మొత్తం తగ్గుతుంది. రహదారిని తవ్వే ఖర్చు మాత్రం ఆ స్థాయిలో తగ్గదు.

రెండవ చిక్కు యాజమాన్యానిది. గ్రాహకం గల వాహనాలు లేనిదే రహదారికి ఆదాయం లేదు. రహదారి లేనిదే గ్రాహకం గల వాహనాన్ని ఎవరూ కొనరు. ట్రాం సంస్థకు ఈ చిక్కు లేదు. మార్గం, వాహనం రెండూ దాని అధీనంలోనే ఉంటాయి. నిర్ణీతమార్గంలో తిరిగే నగర బస్సులకు, ఓడరేవు ట్రక్కులకు ఈ అనుకూలత కొంత ఉంది. అందరూ వాడే జాతీయ రహదారికి అది లేదు. హాల్స్‌బెరి మార్గం ఆగిపోవడానికి, బోర్డో ట్రాం నిలదొక్కుకోవడానికి గల తేడాను ఈ కోణం నుంచి కూడా అర్థం చేసుకోవలసి ఉంటుంది.

6. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి:
• విద్యుదీకృత రహదారి 21వ శతాబ్దపు ఆవిష్కరణ కాదు. 1882 నుంచి సాగుతున్న ప్రయత్నపరంపరలో అది ఒక దశ.
• తొలిదశలో అవరోధం నీరు, భద్రత; మధ్యదశలో పరికరాల పరిమితి; ప్రస్తుత దశలో వ్యయం, యాజమాన్యం.
• మార్గం, వాహనం ఒకే నిర్వాహకుని చేతిలో ఉన్నచోట ఈ పద్ధతికి నిలకడ ఎక్కువ.
• బ్యాటరీ ధర తగ్గుదల ఈ పద్ధతిని పూర్తిగా నిరర్థకం చేయలేదు. దాని పరిధిని భారీ వాహనాలకు, నిర్ణీతమార్గాలకు కుదించింది.

ఇకపై ఏ ప్రభుత్వమైనా ఇటువంటి రహదారిని తలపెట్టినప్పుడు, అది పనిచేస్తుందా అన్న ప్రశ్న కంటే, ఆ దారిలో ఏ వాహనాలు నడుస్తాయి, వ్యయాన్ని ఎవరు భరిస్తారు, వర్షాకాలంలో నిర్వహణ ఎవరి బాధ్యత అన్న ప్రశ్నలకే ప్రాధాన్యం దక్కాలి. వీటిలో చివరి ప్రశ్నను మద్రాసు వాన 19వ శతాబ్దిలో వేసిన కాలువ ముందే ఉంచింది.