కిటికీలు వెయ్యండర్రా!

నాలుగు చినుకులు పడగానే ‘కిటికీలు వెయ్యండర్రా!’ అని కేకేసేది ఏ యింట్లోనైనా ఆడవాళ్ళే. పరుపులు తడుస్తాయనీ, పుస్తకాలు తడుస్తాయనీ మన భయం. అంతేగాని, కిటికీ పగిలితే ఇంటి పైకప్పే లేచిపోతుందని ఎన్నడైనా అనుకున్నామా? అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడా వాళ్ళు ఆ సంగతి ఒక్క రాత్రిలో నేర్చుకున్నారు. ఆ చదువుకి వాళ్ళు కట్టిన ఫీజు మాత్రం ఊళ్ళకి ఊళ్ళు!

నిజానికి మియామీకి తుఫాను కొత్త చుట్టమేం కాదు. 1926 సెప్టెంబరులో వచ్చిన పెనుతుఫానులో, దాని కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగింది. ‘అమ్మయ్య, పోయింది’ అనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. అంతలో రెండోవైపు గాలి వచ్చి మీద పడింది. బయట వున్నవాళ్ళు బయటే దొరికిపోయారు. ఆ దెబ్బతో ఇళ్ళ కట్టుబడికి నియమాలు కావాలన్న ఆలోచన బలపడి, 1957 నాటికి దక్షిణ ఫ్లోరిడా భవన నిర్మాణ నియమావళి అయింది. దేశంలోనే కట్టుదిట్టమైన వాటిలో ఒకటని పేరు కూడా తెచ్చుకుంది.

పేరు వచ్చాక ఏమవుతుందో మనకి తెలిసిందే కదా! పెద్ద తుఫాను రాకుండా ఏళ్ళు గడిచాయి. జనం పెరిగారు, ఇళ్ళకి గిరాకీ పెరిగింది. కప్పుమీద మంచి చెక్క బదులు, చెక్క పెచ్చులు అతికి చేసిన పలకలు వచ్చాయి. మేకులుండాల్సిన చోట స్టేపుల్ పిన్నులు వచ్చాయి. అవీ కొన్నిచోట్ల వాసాన్ని తగలకుండా పక్కనుంచి దిగాయి. తనిఖీకి వచ్చేవాళ్ళు కొద్దిమంది, చూడాల్సిన ఇళ్ళు కొల్లలు.

1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ‘ఆండ్రూ’ వచ్చింది. గాలి వేగం గంటకు సుమారు 265 కిలోమీటర్లు. పాతిక వేల పైచిలుకు ఇళ్ళు నాశనమయ్యాయి. మరో లక్ష దాకా దెబ్బతిన్నాయి. హోమ్‌స్టెడ్ పట్నంలో రేకు బళ్ళలాంటి ఇళ్ళయితే దాదాపు ఒక్కటీ మిగల్లేదు.

ఇంజనీర్లు శిథిలాల్లో తిరిగి చూశారు. ఎగిరొచ్చిన పెంకో, చెక్కో తగిలి ముందు కిటికీ పగిలింది. పగిలిన కిటికీలోంచి దూరిన గాలితో ఇల్లు పూరీలా పొంగింది. పైనుంచి పోయే గాలి కప్పుని లాగుతూనే వుంటుంది. లోపలి గాలి కిందినుంచి తోస్తుంది. ఇద్దరూ ఏకమైతే ఆ పిన్నుల కప్పు లేవక ఏం చేస్తుంది? లేచిన కప్పు వెళ్ళి ఎవరి కిటికీకి తగిలింది? పక్కింటివాళ్ళ కిటికీకే! ‘నా యిల్లు నా యిష్టం’ అన్న మాట తుఫాను రాత్రి చెల్లదన్నమాట.

నియమాల సడలింపూ, తనిఖీల నిర్లక్ష్యమూ ఈ వినాశనాన్ని ఎలా పెంచాయో బయటపెట్టినందుకు కూడా ‘మియామీ హెరాల్డ్’ పత్రికకి 1993లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

1994లో కొత్త నియమం వచ్చింది. అక్కడ కట్టే ప్రతి కొత్త యింటి కిటికీకీ రక్షణ తలుపన్నా వుండాలి, దెబ్బకి ఆగే అద్దమన్నా వుండాలి. ఆగుతుందని ఎలా తెలుస్తుంది? నాలుగు కిలోల వాసాన్ని ఫిరంగిలాంటి గొట్టంలో పెట్టి, సెకనుకి యాభై అడుగుల వేగంతో దానిమీదికి కొడతారు. ఆ దెబ్బకి ఆగాక, గాలి ఒత్తిడితో పదేపదే లోపలికీ బయటికీ ఊపుతారు. మన పెళ్ళిచూపులు నయం! ముప్ఫై అడుగులకి పైనున్న కిటికీలకి మాత్రం చిన్న చిన్న ఉక్కు గుళ్ళు. 1983లో హ్యూస్టన్‌లో అలీసియా తుఫానుకి మేడల మీద పరిచిన గులకరాళ్ళే లేచి ఆకాశహర్మ్యాల అద్దాల్ని పగలగొట్టాయి మరి.

ఖర్చు పెరుగుతుందని ఇళ్ళు కట్టేవాళ్ళు గొడవ చేశారు. అది సహజమే. 2002లో రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి వచ్చినప్పుడు వాయవ్య తీరం వాళ్ళు ఒక మినహాయింపు సంపాదించుకున్నారు. సముద్రానికి మైలు దాటితే అక్కడ కిటికీలకి రక్షణ అక్కర్లేదట! 2007 దాకా అది సాగింది. తుఫాన్లు మినహాయింపులు చదవవు. 2018 అక్టోబరులో అత్యంత తీవ్రమైన ‘మైకేల్’ సరిగ్గా ఆ తీరానికే వచ్చింది.

అన్నట్టు, అద్దాలకి అడ్డంగా టేపు అంటిస్తే పగలవని అక్కడా ఒక నమ్మకం వుంది. అది వట్టిమాట. పగిలేది పగిలే తీరుతుంది, కాకపోతే పెద్ద పెద్ద పెంకులుగా మీద పడుతుంది. ఒత్తిడి తగ్గడానికి ఒక కిటికీ తెరిచి వుంచాలన్నదీ అంతే. తుఫానుని మనమే లోపలికి పిలవడం అది.

మనకి 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ముఖ్యంగా ఉప్పెన. ఆ నీటిని కిటికీ తలుపు ఆపలేదు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు ఎన్ని మేడల అద్దాలు ముక్కలయ్యాయో చూసినవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాత కూడా మనం అద్దాల మేడలు కడుతూనే వున్నాం.

‘కిటికీలు వెయ్యండర్రా!’ అని కేకెయ్యడం మనం ఎలాగూ మానం. ఆ వేసే తలుపు దెబ్బకి ఆగుతుందా అని, ఇల్లు కట్టించేటప్పుడే మేస్త్రీని ఒక్క మాట అడిగితే బావుంటుంది.